పదో నంది ఉన్న గది

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే హైవే పక్కన ఒక లాడ్జి ఉంది. బోర్డు మీద మోటెల్ అని రాసుకున్నారు గానీ చుట్టుపక్కల అందరూ దాన్ని బొమ్మల లాడ్జి అంటారు. అక్కడ ఏ రెండు గదులూ ఒకలా ఉండవు. ఒకదాంట్లో బెలుం గుహలో పడుకున్నట్టు పడుకోవచ్చు. ఒకదాంట్లో గోడల నిండా నల్లమల అడవి, మూలన ఒక చెవి విరిగిన సిమెంటు పెద్దపులి. ఇంకోదాంట్లో మంచాలకు బదులు రైలు బెర్తులు. ఈమధ్య దాని వీడియోలు మీ ఫోన్లలోకి కూడా వచ్చే ఉంటాయి. అవి చూసి, మాట రాని పిల్లల్ని ఎత్తుకుని అక్కడికి బయలుదేరేవాళ్లు ముందు ఇది చదవాలని రాస్తున్నాను. ఆ వీడియోల్లో మాట వచ్చిందని చెప్పే పిల్లవాడు మావాడే.

కర్నూలు దాటాక

మా రిషికి మూడేళ్లు దాటినా మాట రాలేదు. చెవులు బాగానే వినిపిస్తున్నాయని డాక్టర్లు అన్నారు. అప్పటికి హైదరాబాదులో మాటలు నేర్పే క్లాసుకు తీసుకెళుతున్నాను. అక్కడ టీచరు ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, వాడి చెవి దగ్గర పెట్టి "ఊ" అని మెల్లగా ఊదుతుంది. వాడు చక్కిలిగిలికి నవ్వుతాడు. ఆమె ఆపేసి, "ఇంకా" అని తను ఒకసారి అని, వాడి వంక చూస్తూ కూర్చుంటుంది. వాడు అంటే మళ్లీ ఊదుతుంది. అనకపోయినా, అనడానికి పెదవులు కదిపితే చాలు, ఊదుతుంది. నెలల తరబడి ఇదే. మేం బయలుదేరేనాటికి వాడి పెదవులు కదలడం మొదలైంది. చూసేవాళ్లకు అది కాలక్షేపంలా కనిపిస్తుంది. మా అత్తమ్మకైతే మరీ.

మాతోనే ఉండే అత్తమ్మది కొలిమిగుండ్ల దగ్గర పల్లె. కార్తీక మాసంలో నంద్యాల చుట్టూ ఉన్న తొమ్మిది నందుల్ని ఒక్క రోజులో, పొద్దు గూకేలోపు దర్శిస్తే అనుకున్నది అవుతుందని అక్కడివాళ్ల నమ్మకం. మనవడి మాట కోసం ఆమె మొక్కుకుంది. ఆ మొక్కు తీర్చడానికే మా ఆయన కారులో నలుగురం బయలుదేరాం.

కర్నూలు దాటగానే అత్తమ్మ మొదలుపెట్టింది.

"నోట్లో ఊదితే మాటొస్తాదంటే అర్థముండాది. చెవిలో ఊదితే యాడ నుంచి వస్తాది అమ్మాయ్? దుడ్లు తీసుకోని పిల్లోన్ని ఆడిస్తాండారు, మీరు సూస్తా కూర్చుంటాండారు."

"అది ఒక పద్ధతి అత్తమ్మా. మాట అడిగి తీసుకోవచ్చని వాడికి తెలియాలి కదా."

"అయితే ఒకటి అనుకుందాం. ఈ పయనమయ్యేలోపల పిల్లోడు పలక్కపోతే నీ క్లాసులకు నేను అడ్డం రాను. నోరు గూడా ఎత్తను. పలికినాడా, ఆ క్లాసులు మానాల. సరేనా?"

మా ఆయన అద్దంలోంచి నా వంక చూసి నవ్వారు. "ఒప్పుకోరాదూ. మూడు రోజుల్లో ఏమవుతుంది?"

నేనూ అదే అనుకున్నాను. నెలల పని మూడు రోజుల్లో తేలదు. తిరిగి వచ్చాక రోజూ వినే ఈ దెప్పుళ్లు ఉండవు. సరేనన్నాను. ఆ క్షణం నుంచి, నా కొడుకు నోరు తెరవకూడదని నేను కోరుకోవలసి వస్తుందని అప్పటికి తట్టలేదు.

నంద్యాల

తెల్లవారకముందే నంద్యాలలో దిగాం. ఉపవాసమున్న అత్తమ్మ తప్ప మేం బస్టాండు దగ్గర ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాం. నానబెట్టిన బొరుగులకు, అంటే మరమరాలకు, తాలింపు వేసి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తారు. తణుకులో పుట్టిన నాకు బొరుగులు సాయంత్రం పిల్లలకు పెట్టేవి. ఇక్కడ అవి పొద్దుటి టిఫిను. ప్లేటు నలభై రూపాయలు, ఇద్దరికి సరిపోయేంత. బజ్జీ కారానికి నా కళ్లలో నీళ్లు వస్తుంటే అత్తమ్మ, "మీ పక్క మిరపకాయలు పండించేది అమ్ముకునేదానికేనా?" అంది.

మా వైపు గుళ్లలో నంది కొమ్ముల మధ్య నుంచి శివుణ్ని చూసి లోపలికి వెళ్లిపోతాం. ఇక్కడ నందితో పని పెద్దది. ఒక చెవి చేత్తో మూసి, రెండో చెవిలో కోరిక చెప్పాలి. చెప్పేటప్పుడు పక్కవాడికి వినపడకూడదు. ప్రథమ నంది దగ్గర మా ముందు ఒకాయన నంది చెవిని పట్టుకుని వదలడం లేదు. వెనక నుంచి ఒక ముసలాయన గట్టిగానే అన్నాడు.

"ఏందప్పా, కోర్టు కేసంతా మొదటి నుంచీ చెప్తాండావా? ముగించు బేగా. మాకూ ఉండాయి కష్టాలు."

మొదటాయన తల ఎత్తకుండా, "వాయిదాలు శానా ఉండాయన్నా," అన్నాడు. వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు మనసారా నవ్వింది అప్పుడే.

మా వంతు వచ్చాక అత్తమ్మ నంది చెవిలో చెప్పి, రిషిని ఎత్తి వాడి నోటిని ఆ చెవికి ఆనించింది. "చెప్పు నాయనా, అవ్వా అని చెప్పు." వాడు ఆ రాతి చెవిని వేలితో తడిమి, నా వంక చూశాడు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

నాగనంది, సోమనంది కూడా ఊళ్లోనే. అక్కడా అంతే.

సూర్యనంది దారిలో

వరి కోతల కాలం. రోడ్డులో సగం వడ్లు ఆరబోసుకుని ఉంటారు. ఎదురుగా వచ్చిన ట్రాక్టరుకు దారి ఇవ్వబోయి మా ఆయన చక్రం వడ్ల మీదికి ఎక్కించారు. చీర కొంగు తలకు చుట్టుకున్న ఒకామె పారతో సహా కారుకు అడ్డం వచ్చింది.

"కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావప్పా! పక్కన అంత దారి ఉండాదే!"

అత్తమ్మ కిటికీ దించి, "పిల్లోని కోసం నందులకు పోతాండామమ్మా, తొందరలో ఉండాము. ఏమనుకోవాకు," అంది. ఆమె కోపం అక్కడే పోయింది. చీపురుతో వడ్లు వెనక్కి నెట్టి, కిటికీలోంచి రిషి బుగ్గ పట్టుకుంది.

"పేరేంది నాయనా?"

వాడు ఆమె చెవి కమ్మ వంక చూస్తున్నాడు.

"మూగోడా?" అంది నన్ను. కటువుగా కాదు, ఎండ ఎక్కువగా ఉందా అన్నట్టు.

"మాట ఆలస్యం," అన్నాను.

"వస్తాదిలే. మా ఆడబిడ్డ కొడుక్కి ఏడేండ్లకు వచ్చింది. ఇప్పుడు వాని నోరు మూపించేదానికి మొక్కుకోవాల."

అందరం నవ్వి బయలుదేరాం. కారు కదిలాక ఏడేళ్లు అన్న మాట నన్ను వదల్లేదు. మాకు అన్నేళ్లు వ్యవధి లేదని క్లాసులో మొదటి రోజే చెప్పారు. చిన్నప్పుడు దొరికినంత సులువుగా తరవాత దొరకదన్నారు.

మహానంది

మిగిలిన నందులన్నీ పొలాల్లోనో కొండ పాదంలోనో ఉన్నాయి. ఒక్కో చోట పూజారి తప్ప ఎవరూ లేరు. అరటితోటల మధ్య నుంచి మహానంది చేరేసరికి ఎండ వాలింది. కోనేటి నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున పడ్డ నాణెం మీది బొమ్మ కూడా కనిపిస్తుంది. అంత నీరు చూసి రిషి చప్పట్లు కొట్టాడు, కేకలు పెట్టాడు. ఆ కేకల్లో మాట లేదు. అత్తమ్మ వాడి తల మీద నీళ్లు చల్లి, నంది చెవి దగ్గరికి ఎత్తి, చాలాసేపు అలాగే నిలబడింది. డెబ్బై ఏళ్ల మనిషి, పొద్దుటి నుంచి అరటిపండు తప్ప ఏమీ తినలేదు.

ఆఖరి నంది కూడా చూసి కారెక్కాక ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు జాలేసింది. అంతకంటే ఎక్కువ ఊరట కలిగింది. క్లాసు నిలిచింది అనుకున్నాను. ఏ తల్లికీ అలాంటిదానికి ఊరట పొందే పరిస్థితి రాకూడదు.

బొమ్మల లాడ్జి

మర్నాడు అహోబిలం వెళ్లాలని దారిలో ఉన్న ఈ లాడ్జిలో ఆగాం. ఓనరు సుబ్బన్న యాభై దాటిన మనిషి. మామిడితోట అమ్మి దీన్ని కట్టానని గదులన్నీ తిప్పి చూపించాడు. బెలుం గదిలో పైకప్పు నుంచి సిమెంటు ఊడలు వేలాడుతున్నాయి. ఏసీ నీళ్లు ఒక ఊడ చివర నుంచి మంచం మీదికి చుక్క చుక్కగా పడుతున్నాయి.

"నిజం గుహ మాదిరే ఉండాది కదమ్మా," అన్నాడు.

నల్లమల గదిలో పక్షుల కూతలు వచ్చే స్పీకరు ఒక్క నెమలి దగ్గరే ఇరుక్కుపోయి అరుస్తోంది. రైలు గదిని పెళ్లివాళ్లు తీసుకున్నారు. మిగిలింది యాగంటి గది. గోడలు గుట్టరాయిలా పెయింటు చేసి ఉన్నాయి. మంచం పక్కన నల్లరాతి నంది, రిషి కంటే కాస్త ఎత్తు. యాగంటిలో బసవన్న ఏటికేడు పెరుగుతాడని చెప్పుకుంటారు కదా, అదే అడిగారు మా ఆయన.

"మాది పెరగదు లేన్నా. పెరిగితే మంచం యాడ ఏసేది?" అన్నాడు సుబ్బన్న. "యాగంటిలో కాకులుండవంటారే, ఈడ గూడా ఉండవు. దోమలుంటాయి."

మాకంటే ముందు దిగినవాళ్లెవరో నంది కొమ్ముకు తడి తువ్వాలు ఆరేసి మరిచిపోయారు. అత్తమ్మ చెప్పులు గడప బయటే వదిలి, ఆ తువ్వాలు తీసి పారేసి, మంచాన్ని అటు తిప్పమంది. కాళ్లు నంది వైపు పెట్టి పడుకోనంది.

"అది బొమ్మమ్మా. దేవుడు కాదు. పూజా లేదు, ఏం లేదు," అన్నాడు సుబ్బన్న.

"చెవులుండాయి కదప్పా," అంది అత్తమ్మ.

మంచం తిప్పించి మగవాళ్లిద్దరూ భోజనం సంగతి చూడ్డానికి వెళ్లారు. రోజూ ఆ వేళకు ఇంట్లో రిషితో ఊదే ఆట ఆడతాను. పేపరు చుట్టి, వాడి చెవి దగ్గర ఊదాను. నవ్వాడు. మళ్లీ ఊదాను. మళ్లీ నవ్వాడు. ఆపి, "ఇంకా" అని చెప్పి, ఎదురుచూస్తున్నాను. వాడి పెదవులు కలిశాయి, విడిపోయాయి.

"చాలు అమ్మాయ్, పిల్లోన్ని ఇడ్సిపెట్టు. అలిసిపోయినాడు," అంటూ అత్తమ్మ వాణ్ని ఎత్తుకుంది. అలవాటుగానే నంది దగ్గరికి నడిచింది. తను వంగి దాని చెవిలో ఏదో గుసగుసగా చెప్పింది. ఆ గుసగుస గాలి వాడి చెవికి కూడా తగిలినట్టుంది. వాడు చక్కిలిగిలికి నవ్వి, రాతి చెవికి నోరు ఆనించి, స్పష్టంగా, "ఇంకా," అన్నాడు.

వాడి గొంతులో మాట ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. కాస్త బొంగురుగా ఉంది.

అత్తమ్మ వాణ్ని దించలేదు, గుండెకు అదుముకుంది. తరవాత చెప్పులు కూడా వేసుకోకుండా ఆవరణలోకి పరుగెత్తింది. "పలికినాడు! నా మనవడు పలికినాడు! నాయనా, యాడుండావురా, రారా!"

మొదటి మాట విన్న తల్లి ఏం చేయాలో అది నేను చేయలేదు. పేపరు గొట్టం చేత్తో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. క్లాసు పోయింది. ముందు వచ్చిన ఆలోచన అదే.

పది నిమిషాల్లో గది నిండిపోయింది. పెళ్లివాళ్లు, లారీ డ్రైవర్లు, వంటవాళ్లు. సుబ్బన్న భార్య పసుపూ కుంకుమా తెచ్చి నందికి పెట్టింది. ఎవరో కర్పూరం వెలిగించారు. అందరూ ఫోన్లు పట్టుకుని, "ఇంగోసారి అను నాయనా, ఇంగొక్కసారి," అంటున్నారు. అన్ని ముఖాలు చూసి వాడు హడలిపోయి ఏడుపు లంకించుకున్నాడు. నేను గొట్టం చూపించి, ఆట సంగతి, ఆ టీచరు సంగతి చెప్పబోయాను. పెళ్లివాళ్లలో ఒక పెద్దామె నా గడ్డం పట్టుకుని, "ఏడవాకమ్మా, ఇంగ నీ కష్టం తీరిపాయె," అంది.

మా ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు. తండ్రి కదా, ఆయన సంతోషాన్ని నేను తప్పు పట్టలేను. "తొమ్మిది నందులు తిరిగిన ఫలం పదో నంది దగ్గర దక్కింది," అన్నాడు సుబ్బన్న, చేతులు కట్టుకుని. సాయంత్రం అది బొమ్మ అన్న మనిషే. మర్నాడు గది బాడుగ ఇవ్వబోతే తీసుకోలేదు. "మీరే నాకిచ్చినారు," అన్నాడు. దాని అర్థం అప్పుడు తెలియలేదు.

ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పేరు. రోడ్డు పక్కనే పందిళ్ల కింద ఉలుల చప్పుడు, తెల్లటి దుమ్ము, సగం చెక్కిన దేవుళ్లు. సుబ్బన్న నందిని చెక్కినాయన పందిరి అడిగి తెలుసుకుని మరీ ఆపించింది అత్తమ్మ. జరిగిందంతా చెప్పింది. శిల్పి ఉలి కింద పెట్టాడు.

"లాడ్జికిచ్చిన నందా? నాదే!"

నాకు చివరి ఆశ ఆయనే. విగ్రహానికి కళ్లు ఆఖర్న, పూజ చేసి తెరుస్తారని, అంతవరకూ అది రాయేనని విన్నాను. "ఆ నందికి కళ్లు తెరిచారాండీ?" అని అడిగాను.

"లాడ్జిలో పెట్టేదానికి కండ్లు యాడ తెరుస్తామమ్మా? గీటు గీసి ఇడ్సినాము అంతే."

నేను అత్తమ్మ వంక చూశాను. ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"నా మనవడు పిలిస్తే అదే తెరుచుకునింది," అంది.

శిల్పి ఆ మాటకు చేతులు జోడించాడు. మేం కారెక్కుతుంటే, గణపతి కోసం వచ్చిన వేరే బేరగాళ్లను ఆపి, "ఇట్ల రాండన్నా, పిల్లోనికి మాట తెప్పించిన నంది మాదిరిదే ఇంగొకటి రెడీగా ఉండాది," అంటున్నాడు.

అహోబిలం

అహోబిలంలో రాగి సంగటి, వేరుశెనగల ఊరుబిండి పచ్చడి తిన్నాం. ముద్దను నమలకుండా మింగాలని చెప్పారు. నాకు అది కూడా చేతకాలేదు. దిగువ గుడి మండపంలో అత్తమ్మ స్తంభానికి ఆనుకుని నిద్రపోతుంటే మా ఆయనతో మాట్లాడాను.

"వాడు అన్నది క్లాసులో నేర్పిన మాటే. మీకు తెలుసు. మీరూ ఒకసారి వచ్చి చూశారు."

"తెలుసు."

"మరి ఆమెకు చెప్పండి."

ఆయన గుడి గోపురం వంక చూశారు. "పొద్దు పొడిచింది మొదలు తొమ్మిది గుళ్లు తిరిగింది. ఎండలో. ఇప్పుడు పోయి, నీ వల్ల కాదమ్మా, కాగితం గొట్టం వల్ల అని చెప్పేదా? నువ్వు కూడా సరే అన్నావు కదా."

"మీరే ఒప్పుకోమన్నారు."

"అన్నాను. ఎట్లాగూ మాట వచ్చింది. ఇక వస్తుంది. కొన్నాళ్లు చూద్దాం."

రిషి మండపం గట్టు మీద చీమల బారు చూస్తున్నాడు.

ఇల్లు

తిరిగి వచ్చాక క్లాసు మానిపించాం. అత్తమ్మ రోజూ వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "అను నాయనా, అను," అంటుంది. దబాయించదు, ప్రేమగానే అంటుంది. మొదటి వారంలో వాడు ఇంకో రెండుసార్లు ఆ మాట అన్నాడు. తరవాత అనడం లేదు. ఇప్పుడు పెదవులు కదపడం కూడా తగ్గింది. వచ్చిన మాట యాడికి పోతాదిలే అంటుంది ఆమె. ఎక్కడికి పోతుందో నాకు రోజూ కనిపిస్తోంది.

ఈలోగా యాగంటి గదిలో మంచం తీసేశారట. నందికి వెండి కళ్లు పెట్టారట. దర్శనానికి టికెట్టు, రాత్రి నిద్ర చేసేవాళ్లకు చాపలు. వాళ్లు అడిగినవాళ్లకల్లా నా నంబరు కూడా ఇస్తున్నారు.

మొన్న జమ్మలమడుగు నుంచి ఒకామె ఫోన్ చేసింది. వాళ్ల పాపకు నాలుగేళ్లు. కడపలో ఇలాంటి క్లాసే ఒకటి చూసి పెట్టుకున్నారు. చేరేలోపు మావాడి వీడియో చూసి, వాళ్లత్త ముందు అక్కడికి పోదామంది.

"మీరు క్లాసు మానిపించినారంట కదక్కా. అవసరం లేదని మీకే తెలిసిపాయె, మేమెందుకు చేర్పించేది అంటాంది మా అత్త."

ఆమెకు అంతా చెప్పాను. గొట్టం, నెలల తరబడి ఆట, వాడు అన్న మాట ఎక్కడ నేర్చుకున్నదో, ఇప్పుడు అది కూడా ఎలా పోతున్నదో. గొంతు పోయేదాకా చెప్పాను. ఆమె అంతా విని, "నువ్వు చెప్పేది బాగుండాదక్కా. కానీ మా అత్తకు చెప్పేదానికి, నువ్వు గూడా మానిపించినావు కదా," అంది.

మానిపించిన మాట నిజమే.

అందుకని టీచరుకు ఫోన్ చేశాను. రేపు రిషిని తీసుకుని క్లాసుకు వెళుతున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా చెబితే నేను మళ్లీ ఒప్పుకుంటానని నాకు తెలుసు. ఇది అచ్చయిన రోజున మా ఆయనే చదివి అత్తమ్మకు వినిపించాలి. జమ్మలమడుగు ఆమె కూడా వాళ్లత్తకు వినిపించవచ్చు.

అత్తమ్మా, మీ నందులే గెలిచాయి. ఒప్పందం తప్పుతున్నది నేను.